గుడారం పక్కన మాంసం పెట్టుకోవద్దు

ప్రశ్న: నేను సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, హెచ్-1బి వీసా మీద ఉన్నాను. ఈ సెప్టెంబరులో ఇద్దరు సహోద్యోగులతో కలిసి మొంటానాలోని బాబ్ మార్షల్ అడవికి ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నాను. రోడ్డు నుంచి 14 మైళ్ల లోపల ఆరు రోజుల మకాం. జంతువు దొరికితే ఫ్రిజ్ లేకుండా మాంసం ఎన్ని రోజులు నిలుస్తుంది? అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉంటాయట, వాటికి దక్కకుండా ఎలా దాచాలి? మాంసాన్ని గుడారం దగ్గరే పెట్టుకుని రాత్రంతా వంతులవారీగా కాపలా కాద్దామని మాలో ఒకతను అంటున్నాడు. మా నానమ్మ మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి ఉప్పుకండ ఎండబెట్టేది. అక్కడే అలా చేసెయ్యవచ్చా?

సమాధానం: కాపలా సంగతి ముందు తేల్చేద్దాం. ఆ ఆలోచన మానుకోండి. అర్ధరాత్రి గ్రిజ్లీ వచ్చిందే అనుకోండి, వంతులో ఉన్న మనిషి ఏం చేస్తాడు? టార్చి వేసి అరుస్తాడు. అది వెళ్లిపోతే సరే. వెళ్లకపోతే 200 కిలోల పైబడిన జంతువుకూ నిద్రలో ఉన్న మిగతా ఇద్దరికీ మధ్య అడ్డుగా ఉండేది గుడారం గుడ్డ ఒక్కటే. మాంసం కోసం దాన్ని కాల్చే హక్కు మీకు లేదు. అక్కడి గ్రిజ్లీకి 1975 నుంచి కేంద్ర చట్టం రక్షణ ఉంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు తప్ప తుపాకీ ఎత్తితే నేరం. పైగా సెప్టెంబరు అంటే చలికాలపు నిద్రకు ముందు అవి ఒంటికి కొవ్వు పట్టించుకునే రోజులు. రోజుకు 20,000 కేలరీల దాకా తినగల ఆకలి అది. ఆ ఆకలికి ఎదురుగా నిలబడే కాపలావాడిగా నన్ను పెడితే నేనైతే ఒప్పుకోను.

మాంసం ఒక చోట, వంట ఒక చోట, పడక ఒక చోట. ఒక్కోదానికీ మధ్య కనీసం 100 గజాలు ఉండాలి, గాలి పడక మీది నుంచి మాంసం వైపు వీచేలా చూసుకోవాలి. మాంసం కోసిన బట్టలతో గుడారంలోకి దూరకండి. ఆ బట్టలను కూడా మాంసంతో పాటు చెట్టుకు కట్టేయండి.

అసలు చిక్కు మీ ప్రశ్నల్లో లేదు, మీరు మాటవరసకు రాసిన 14 మైళ్లలో ఉంది. ఎల్క్ మన కణుజు కన్నా పెద్ద జంతువు. ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. ఎముకలన్నీ తీసేసినా 100 కిలోలకు అటూ ఇటూగా మాంసం మిగులుతుంది. ముగ్గురికి పంచితే తలా 33 కిలోలు. దాన్ని మోసుకుంటూ 14 మైళ్లు నడిచి బండి చేరాలి, గుడారాల కోసం మళ్లీ 14 మైళ్లు లోపలికి రావాలి, మళ్లీ 14 మైళ్లు బయటికి పోవాలి. మొత్తం 42 మైళ్లు, కొండదారిలో. జంతువు మకాంకు ఇంకా అవతల పడితే లెక్క ఇంకా పెరుగుతుంది. చక్రాల బండి తీసుకెళ్తాం అంటారేమో, 1964లో చట్టం చేసి వన్యప్రాంతంగా ప్రకటించిన అడవి అది. మోటారుకే కాదు, సైకిలుకూ తోపుడుబండికీ కూడా లోపలికి ప్రవేశం లేదు. మనిషి వీపు, గుర్రం వీపు, కంచరగాడిద వీపు, అంతే.

కాబట్టి రెండే దారులు. ఒకటి, కంచరగాడిదలతో సామాను మోసే వాళ్లను ముందుగానే మాట్లాడుకోండి. ఒక గాడిద 60–70 కిలోలు మోస్తుంది, ఒక ఎల్క్‌కు రెండు చాలు. అక్కడ సెల్‌ఫోను పనిచేయదు కనుక ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం దగ్గరుంచుకుని, జంతువు పడగానే కబురు చేస్తామని చెప్పి పెట్టుకోండి. రెండు, 14 మైళ్లు వదిలేసి రోడ్డుకు నాలుగైదు మైళ్లలో వేటాడండి. మొదటిసారి వెళ్తున్న ముగ్గురికి నేను రెండోదే చెబుతాను. లోపలికి వెళ్లేకొద్దీ జంతువులు ఎక్కువ ఉండవచ్చు, కాని మాంసం ఇంటికి రావడానికి పట్టే రోజులు కూడా ఎక్కువవుతాయి.

రోజులు ఎందుకు లెక్కపెట్టాలంటే, బాబ్ మార్షల్ లోపలి భాగాల్లో తుపాకీ వేట సెప్టెంబరు మధ్యలోనే మొదలవుతుంది. రాష్ట్రంలో మిగతా చాలా చోట్ల అక్టోబరు చివరి దాకా ఆగాలి. సెప్టెంబరులో రాత్రి మంచు పడేంత చలి ఉన్నా మధ్యాహ్నం చొక్కా చేతులు మడుచుకునేంత ఎండ ఉంటుంది. ఎలుగుబంటి రావచ్చు, రాకపోవచ్చు. ఆ మధ్యాహ్నం మాత్రం తప్పకుండా వస్తుంది.

నేను ఇక్కడికి వచ్చిన మూడో ఏడు ఒక తొడను అలాగే పోగొట్టుకున్నాను. చీకటి పడుతుండగా జంతువు పడింది. హడావిడిగా కోసి, వెనుక తొడలు రెండూ ఎముకతోనే సంచుల్లో వేసి, వాన వస్తుందేమోనని పక్కపక్కనే ఆనించి టార్పాలిన్‌తో బిగించి చుట్టేశాం. తెల్లారి చేయి పెట్టి చూస్తే పైన రాయిలా చల్లగా ఉంది. సంతోషించాం. మధ్యాహ్నం తుంటి కీలు దగ్గర కత్తి దింపితే లోపలి నుంచి వెచ్చగా ఆవిరి తగిలింది, వెనకే పాచిపోయిన గంజి కంపు. ఎముక చుట్టూ అరచేతి మందాన మాంసం బూడిద రంగులోకి తిరిగి ఉంది. దాదాపు పాతిక కిలోల తొడను అక్కడే వదిలేశాం. ఎలుగుబంటి ఛాయ కూడా లేదు ఆ ప్రాంతంలో. పాడు చేసింది మా టార్పాలినే.

ఎల్క్ ఒంటి వేడి మన కన్నా కాస్త ఎక్కువే. దానికి తోడు దట్టమైన బొచ్చున్న తోలు కంబళిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తొడ ఎముక చుట్టూ ఉన్న మాంసం అన్నిటికన్నా ఆలస్యంగా చల్లారుతుంది, అన్నిటికన్నా ముందు పాడవుతుంది. అందుకని జంతువు పడగానే ఫోటోలు నాలుగు తీసుకుని తోలు పని మొదలుపెట్టండి. పొట్ట చీల్చకుండానే పని కానిచ్చే పద్ధతి ఉంది, నాకు అదే ఇష్టం. జంతువును ఒక పక్కకు పడుకోబెట్టి, వెన్ను మీదుగా తోలు చీల్చి కిందికి ఒలవాలి. పై పక్క జబ్బ, తొడ, వెన్ను పొడుగునా ఉండే మెత్తని కండ, మెడ మాంసం తీసేయాలి. తర్వాత రెండో పక్కకు తిప్పి అదే పని. చివరి పక్కటెముక వెనుక నుంచి చేయి దూర్చి లోపలి మెత్తకండలు రెండూ లాగాలి. పేగులు పొట్టలోనే ఉండిపోతాయి. చేతికి, మాంసానికి మకిలి తక్కువ. తొడ లోపలి వైపు నుంచి ఎముక వరకు పొడుగునా ఒక గాటు పెట్టి తెరవండి. నా పాతిక కిలోలూ ఆ ఒక్క గాటు లేకనే పోయాయి.

మన అలవాట్లలో ఒకటి ఇక్కడ దెబ్బ తీస్తుంది. ఆదివారం పొద్దున్నే వెళ్లి, కళ్ల ముందు కొట్టించుకుని, నల్లటి ప్లాస్టిక్ సంచిలో వేయించుకుని, ఇంటికి రాగానే కడిగేస్తాం. కోస్తాలో వేట మాంసం అంటేనే మేక మాంసం, అసలు వేటతో దానికి పని లేదు. అడవిలో ఆ రెండూ చేయకూడదు. ప్లాస్టిక్ సంచిలో మాంసం తన వేడికి తానే ఉడుకుతుంది. కడిగితే తడి నిలిచి క్రిములు పెరుగుతాయి. గాలి ఆడే పల్చటి గుడ్డ సంచులు కొనండి, ఒక్కో తొడకు ఒకటి, విడి మాంసానికి మరో రెండు. మట్టి అంటితే కత్తితో గీకండి. సంచులు ఒకదానికొకటి తగలకుండా నీడలో వేలాడదీయండి. ఒక రాత్రి చలిగాలి తగిలితే పైన మైనం పూసినట్టు పొర కడుతుంది. ఆ పొరే మాంసానికి కాపు. వాన వస్తే టార్పాలిన్ కట్టండి, కాని పైకప్పులా ఎత్తుగా, పక్కలు తెరిచి. ఈగలు సంచి నేత సందుల్లో గుడ్లు పెట్టకుండా సంచి మాంసానికి అతుక్కోకుండా వదులుగా ఉండాలి. కొందరు మిరియాల పొడి చల్లుతారు, చల్లితే నష్టం లేదు.

నీడకు ఉత్తరం వైపు వాలు చూసుకోండి. వాగుల వెంట సాయంత్రం చల్లగాలి పల్లానికి దిగుతుంది, అక్కడ కూడా మంచిదే. అయితే వాగు ఒడ్డు ఎలుగుబంట్లు నడిచే దారి కూడా. వాటి అడుగులు, పెంటలు, గీరిన చెట్లు కనిపిస్తే ఇంకో చోటు వెతకండి.

ఇక దాచే పద్ధతి. ఆ అడవుల్లో అటవీశాఖ నిబంధన స్పష్టంగా ఉంది: వేలాడదీసిన మాంసం అడుగుభాగం నేల నుంచి 10 అడుగుల ఎత్తులో, దగ్గరి చెట్టు మొదలు నుంచి 4 అడుగుల దూరంలో ఉండాలి. ఎత్తు గ్రిజ్లీ కోసం, నిలబడి చేయి చాపితే అది 8 అడుగులు దాటి అందుకుంటుంది. దూరం నల్ల ఎలుగు కోసం, అది చెట్టు ఎక్కుతుంది. కాగితం మీద తేలికే. తీరా అక్కడ 30 కిలోల తొడను 14 అడుగుల ఎత్తున్న తాడు మీదుగా లాగడం మొదలుపెడితే మీ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రెండు చెట్ల మధ్య వాసం గాని, బిగించిన తాడు గాని ముందు కట్టాలి. దానికి కప్పీ వేలాడదీసి ఒక్కో సంచిని విడివిడిగా ఎత్తాలి. తాడు సన్నగా ఉంటే చేతులు కోసుకుంటుంది, 8 మిల్లీమీటర్లది 100 అడుగులు తీసుకెళ్లండి. బయలుదేరేలోపు ఏదైనా పార్కులో 30 కిలోల బియ్యం మూటతో ఒకసారి సాధన చేయండి. జనం చూస్తే చూడనివ్వండి.

జంతువు పడిన చోటే వేలాడదీయకూడదు. పేగులు, కళేబరం మిగిలిన చోటు నుంచి కనీసం 150 గజాలు జరపండి. వాసనకు వచ్చే ఎలుగుకు పేగులే పండగ, ముందు అక్కడే ఆగుతుంది. ఇంకో మాట, వేలాడదీసిన చోటు 200 గజాల అవతల నుంచి బైనాక్యులర్లో మీకు కనిపించేలా ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

మన నల్లమల ఎలుగుబంటిని, శ్రీకాకుళం ఉద్దానంలో తోటల్లోకి వచ్చేవాటిని తలచుకుని గ్రిజ్లీని ఊహించుకోకండి. మనది చెదలు, ఇప్పపూలు, తేనె, పనసపండ్ల బాపతు. మనిషి మీద పడితే మనదీ తక్కువ ప్రమాదం కాదు. కాని కళేబరాన్ని తనదిగా పట్టుకుని మట్టి కప్పి పక్కనే పడుకునే అలవాటు గ్రిజ్లీది.

అది నేను ఒక్కసారే చూశాను, చాలు. ముందు రోజు సగం మాంసం వాగు అవతలికి చేర్చి కట్టాం. మిగతా సగం కళేబరం దగ్గరే కొమ్మలు కప్పి వదిలాం, బద్ధకం. తెల్లారి ఎదురు వాలు మీద నుంచి బైనాక్యులర్ పెడితే జంతువు ఉండాల్సిన చోట కొత్త సమాధిలా మట్టిదిబ్బ ఉంది. గడ్డి వేళ్లతో సహా పెళ్లగించి పోసి ఉంది, ఒక కొమ్ము కొన మాత్రం బయటికి. చుట్టూ చెట్ల మీద బొంతకాకులు పది దాకా ఉన్నాయి, ఒక్కటీ కిందికి దిగడం లేదు. నాతో వచ్చిన స్థానికుడు ఆ కాకులను చూపించి కూర్చోమన్నాడు. పావుగంట గడిచాక దిబ్బ వెనుక గోధుమరంగు వీపు లేచి, అటు తిరిగి మళ్లీ పడుకుంది. మేము వచ్చిన దారినే వెనక్కి వెళ్లి వన్యప్రాణి శాఖకు చెప్పాం. వాగు అవతల కట్టిన సగం ఒక్క గీటు లేకుండా మాకు దక్కింది.

మాంసం దగ్గరికి తిరిగి వెళ్లేటప్పుడు ముందు దూరం నుంచి చూడండి. సంచి చోటు మారినా, మట్టి కనిపించినా, కాకులు దిగకుండా కూర్చున్నా, అది ఇక మీది కాదు. చూసినప్పుడు ఏమీ లేకపోతే గట్టిగా మాట్లాడుకుంటూ, గాలి వీపు మీద పడే వైపు నుంచి వెళ్లండి. కోసేటప్పుడు ఇద్దరు కోయాలి, మూడోవాడు నిలబడి చుట్టూ చూడాలి, చేతిలో బేర్ స్ప్రే (ఎలుగుబంటి ముఖాన కొట్టే కారం మందు) పట్టుకుని. మిగతా ఇద్దరి స్ప్రేలు నడుముకు ఉండాలి. సంచిలో అడుగున ఉన్న స్ప్రే అక్కరకు రాదు. అది 25–30 అడుగుల దాకా కొడుతుంది, డబ్బా మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది. విమానంలో వెళ్తే చేతి సామానులో గాని, లగేజీలో గాని దాన్ని ఎక్కనివ్వరు, దిగాక కొనుక్కోండి.

నా సొంత నియమం ఒకటుంది, అందరూ ఒప్పుకోరు: సాయంత్రం నాలుగు దాటితే ఎంత మంచి జంతువు కనిపించినా కాల్చను. చీకట్లో నెత్తుటి చేతులతో, తలకు కట్టిన దీపం వెలుగులో, ఆ అడవిలో రెండు గంటలు వంగి పనిచేయడం నాకు నచ్చదు.

బ్యాటరీతో నడిచే చిన్న విద్యుత్ కంచెలు దొరుకుతాయి. చెట్లు లేని చోట, లేదా మోకు కట్టలేని చోట అవే మేలు. ఎలుగుబంటి ముక్కుతో తాకి చూస్తుంది, తడి ముక్కుకు 6,000 వోల్టుల పైబడిన చురక తగిలితే మళ్లీ రావడానికి ఆలోచిస్తుంది. సరిగా భూమిలోకి ఎర్త్ దిగకపోతే మాత్రం అది ఉత్త తీగ. నేల పొడిగా ఉంటే ఎర్త్ కడ్డీ దగ్గర నీళ్లు పోయండి. కంచె మోసుకెళ్తున్నారంటే మకాం చుట్టూ కూడా ఒకటి వేసుకోండి, హాయిగా నిద్ర పడుతుంది.

ఎన్ని రోజులు నిలుస్తుందన్నారు. తోలు వెంటనే తీసి, మొదటి 24 గంటల్లో లోపలి ఎముక దాకా 4 డిగ్రీల సెల్సియస్ దరిదాపుకు చల్లార్చగలిగితే, పగలు కూడా నీడలో ఆ చలి నిలిస్తే, వారం రోజులు వేలాడినా మాంసం చెడదు, ఇంకా మెత్తబడుతుంది. రాత్రి సున్నా, పగలు నీడలో 15 దాకా ఉంటే రెండు మూడు రోజుల్లో బయటపడాలి. రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే మర్నాటి సాయంత్రానికి ఐసులో పడాలి. అలాంటి వారం వచ్చిందంటే నేను తుపాకీ ఇంట్లో పెట్టి చేపలు పడతాను. వంట థర్మామీటరు ఒకటి జేబులో వేసుకోండి, తుంటి దగ్గర గుచ్చి చూస్తే ఊహలతో పని ఉండదు.

బండి దగ్గర పెద్ద కూలర్లు సిద్ధంగా ఉంచండి. రెండు లీటర్ల సీసాలలో నీళ్లు గడ్డకట్టించి పేర్చండి, కరిగినా మాంసం తడవదు. ఎలుగుకు తట్టుకునే కూలర్ అని రాసి ఉన్నా తాళం వేస్తేనే అది తట్టుకుంటుంది. డ్రై ఐసు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వాడితే కారు అద్దం కొంచెం దించి నడపండి, దాని ఆవిరి మూసిన కారులో ఊపిరి తీస్తుంది. దారిలో తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే వేటగాళ్లు తప్పకుండా ఆగాలి. మొంటానా అడవి జింకల్లో 2017లో మెదడును తినే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు బయటపడింది, పరీక్షకు నమూనా ఇచ్చి ఫలితం వచ్చాకే వండుకోండి. మీ వాషింగ్టన్ రాష్ట్రంలోకి తలకాయ, వెన్నెముక తేకూడదు, ఎముక తీసిన మాంసం తేవచ్చు. హెచ్-1బి మీద ఉన్నవారు మామూలుగా తుపాకీ పట్టకూడదు. రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధానికి మినహాయింపు ఉంది. ఆ కాగితం ఎప్పుడూ ఒంటి మీద ఉంచుకోండి. ఏదైనా అనుమానం ఉంటే వెళ్లేలోపే వకీలును అడగండి.

ఉప్పుకండ అక్కడ వద్దు. ముక్కలు కోసి తీగ మీద ఆరబెడితే మాంసం వాసన కొండంతా పరిచినట్టే, పైగా ఎండు ముక్కల దండకు పది అడుగుల నియమం పాటించడం ఎవరి వల్లా కాదు. నానమ్మకు మే నెల ఎండ ఉంది, మేడ ఉంది, కాకిని తోలే కర్ర ఉంది. సెప్టెంబరు కొండ మీద రాత్రి మంచుకు ఆ ముక్కలు మళ్లీ నాని బూజు పడతాయి. ఇంటికి తెచ్చాక నిక్షేపంగా చేసుకోండి. ఎల్క్ మాంసంలో కొవ్వు తక్కువ, మేక కన్నా ఉప్పుకండకు బాగా కుదురుతుంది. సన్నగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి ఒక రాత్రి ఉంచండి. ఎండబెట్టే ముందు ఓవెన్‌లో మాంసం లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉంచి తీయండి, ఆ తర్వాత సన్న సెగ మీద ఆరబెట్టండి. సియాటిల్ ఎండను నమ్ముకోవద్దు. నేను పప్పులోకి నంజుకోవడానికి నూనెలో వేయించి, చివర రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేస్తాను. కిలో మాంసానికి మీ నానమ్మ ఎంత ఉప్పు వేసేదో గుర్తుంటే నాకు రాయండి, మా అమ్మమ్మ ఎప్పుడూ గుప్పెడు అనేది, ఆమె గుప్పెడు ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.